ఏరిన గింజలే మళ్ళీ ఏరిన వేసవి

నా చిన్నప్పుడు మా వీధి మొత్తానికి పొద్దున్నే కాఫీ వాసన వచ్చే ఇల్లు మాదొక్కటే. అనకాపల్లిలో మా చుట్టుపక్కల అందరూ టీ తాగే జనం. బెల్లం మార్కెట్టుకి బళ్ళు తోలుకొచ్చే రైతుల దగ్గర్నుంచి మా చర్చి పాస్టరు గారి దాకా అందరికీ టీయే పడాలి. మా ఇంట్లోకి కాఫీ వచ్చిందంటే అది మా నాన్న వల్ల. ఆయన వ్యాను డ్రైవరు. నర్సీపట్నం మీదుగా చింతపల్లి కొండల్లోని సంతలకి సరుకులు వేసుకుని వెళ్ళేవాడు. ప్రతి చలికాలం, పంట దిగాక, అక్కడ ఒక గిరిజనుల ఇంటి తోట నుంచి అరమూట పచ్చి కాఫీ గింజలు తెచ్చేవాడు.

ఆ తోట తప్ప ఇంకోటి ఆయనకి ఆనేది కాదు. పక్క తోట గింజలు ఎంత లావుగా, ఎంత నిగనిగలాడుతున్నా సరే, ముట్టుకునేవాడు కాదు. రెండు తోటలవి కలిపి వేపితే ఒకటి మాడేసరికి ఇంకోటి పచ్చిగానే ఉంటుందని, చివరికి దేని రుచీ దక్కదని ఆయన వాదన. మిరియాల తీగలు పాకిన సిల్వర్ ఓక్ చెట్ల నీడలో పెరిగిన ఆ గింజలకి సన్నటి పులుపు ఉండేది. బత్తాయి తొక్క గిల్లితే వచ్చే వాసన లాంటిది కూడా ఏదో ఉండేది. చిన్నపిల్లని, నాకేం తెలుసు? నాన్న చెబితే ఔనౌను అని తలూపేదాన్ని. రెండుమూడేళ్ళు పోయాక నిజంగానే తెలియడం మొదలైంది.

మూట ఇంటికి చేరిందంటే ఇక ఏరే పని అమ్మదీ, మామ్మదీ. మామ్మంటే నాన్నని కన్నతల్లి. ఆ కొండ మీది వాళ్ళు గింజల్ని రోట్లో దంచి పొట్టు తీసేవారు కాబట్టి విరిగినవి చాలానే వచ్చేవి. అవీ, నల్లబడినవీ, పురుగు బెజ్జం పెట్టినవీ, పాలిపోయి తేలికగా ఉన్నవీ తీసెయ్యాలి. మంచి గింజ కాస్త నీలం కలిసిన ఆకుపచ్చగా ఉంటుంది. పండులో రెండు పప్పులకి బదులు ఒక్కటే పట్టి గుండ్రంగా తయారైనవి కొన్ని ఉంటాయి. అవి మూకుట్లో దొర్లుతూ వేగుతాయి గనక వాటికి వేరే డబ్బా. మూట మొత్తం ఏరడం అయితే గానీ మొదటి వాయి పొయ్యి ఎక్కకూడదని మామ్మ పెట్టిన కట్టుబాటు. ఆ మొదటి కాఫీని ప్రార్థన చేసుకుని, పాలూ బెల్లమూ లేకుండా, నల్లగా తాగాలి. ఒక్క చెడ్డ గింజ తప్పించుకుని పొడిలో కలిసినా ఆవిడ నాలుక పట్టేసేది. ఇక చూసుకోండి. "ఇదేటే, ఇది కాఫీయేటే, కుడితి కాదూ!" అని గ్లాసెడూ దొడ్లో పారబోసేది. అంత పెంకి మనిషి. నాకూ ఆ పోలికే వచ్చిందంటారు మా ఇంట్లో.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, నాకు పదో ఏడు నడుస్తుండగా, ఒక చలికాలం నాన్న కొత్త మూట దింపి, వాకిట్లో వ్యాను కడుక్కుంటూ, చలేస్తోందని కూర్చుండిపోయాడు. కొండ జ్వరం, అదే మలేరియా. తలకి ఎక్కేసిందన్నారు. విశాఖపట్నం పెద్దాసుపత్రికి తీసుకెళ్ళారు. పెట్టెలో పెట్టి తీసుకొచ్చారు. ఇంతకంటే ఆ రోజుల గురించి రాయడం నా వల్ల కాదు.

సమాధి కార్యక్రమం అయ్యాక అమ్మ గోడ వైపు తిరిగి పడుకుంది. అంతే, ఇక లేవలేదు. జడ వేసుకోలేదు. మూలనున్న మూట వైపు చూడలేదు. నా వైపూ చూడలేదు. పూడిమడక నుంచి గంప మోసుకొచ్చే చేపలామె కూడా గుమ్మంలో కూర్చుని ఏడ్చి, ఒక ముద్ద తిను తల్లీ అని బతిమాలి వెళ్ళింది. అమ్మ ముద్ద ముట్టలేదు. బడి నుంచి వచ్చి, గుమ్మం బయటే నిలబడి, అమ్మ ఊపిరి వినిపిస్తోందా లేదా అని చెవి పెట్టి వినేదాన్ని. వినిపిస్తేనే లోపలికి వెళ్ళేదాన్ని. నాన్న పోయిన దుఃఖం కంటే, అమ్మ కూడా పోతుందన్న భయమే నాకు ఎక్కువగా ఉండేది. ఆ భయం ఎవరికి చెప్పుకోవాలో తెలిసేది కాదు.

మామ్మ మాత్రం ఏడవలేదు. పెట్టె దింపేటప్పుడూ ఏడవలేదు, మట్టి వేసేటప్పుడూ ఏడవలేదు. వచ్చినవాళ్ళందరికీ టీలు పెట్టి, గ్లాసులు కడిగి, చాపలు ఎత్తింది. ఆ మనిషికి గుండె ఉందా అని వీధిలో అనుకోవడం నా చెవిన పడింది. నాకూ కోపం వచ్చింది. ఎవరి మీదో మాత్రం అర్థం కాలేదు.

ఒకరోజు రావికమతం నుంచి మా చిన్నాన్న వచ్చాడు. అంటే మామ్మ చెల్లెలి కొడుకు. మనిషి మంచివాడే, మాటే మోటు. మూట చూసి, "పెద్దమ్మా, ఇది మార్కెట్టులో కాఫీపొడి కొట్టుకి ఇచ్చేద్దామే. ఆడు తన గింజల్లో కలిపేసి ఆడించేత్తాడు. ఇక్కడుంటే పాడైపోతాది" అన్నాడు. మామ్మ వీధిలోకి వినబడేలా లేచింది. "మావోడు తెచ్చిన గింజలు ఎవులి గింజల్లోనో కలిపేత్తావేటిరా? ఏడిసినట్టుంది!" అంది. ఆయన టీ కూడా తాగకుండా తిరుగు బస్సు ఎక్కేశాడు.

ఆ మర్నాడే మామ్మ మూట ఈడ్చుకొచ్చి, సరిగ్గా అమ్మ మంచం పక్కనే కూలబడింది. చేటలో గింజలు పోసి ఏరడం మొదలుపెట్టింది. ఏరడమా అది? మంచివి పారేసే పళ్ళెంలోకీ, నల్లవి తపేలాలోకీ! పైగా పెద్దగా ముక్కు చీదుతూ, తనలో తను గొణుక్కుంటూ. "నా కళ్ళు కనిపిత్తన్నాయేటి? ఏది నల్లదో ఏది పచ్చదో. పోన్లే, ఎవులు తాగుతారు గనక." చాలాసేపు అలాగే సాగింది. అమ్మ ఇటు తిరిగింది. కాసేపు చూసింది. తర్వాత మంచం దిగి, తపేలాలో చెయ్యి పెట్టి నల్ల గింజలు తీసెయ్యడం మొదలుపెట్టింది. నాకు ఏడుపు ముంచుకొచ్చి పెరట్లోకి పరిగెత్తాను.

అలా రోజూ జరిగింది. మధ్యాహ్నం అన్నాలయ్యాక ఇద్దరూ చేటకి అటూ ఇటూ కూర్చునేవారు. బడి లేని రోజు నేనూ. మొదట్లో మాటల్లేవు. తర్వాత గింజల సంగతులే మాట్లాడుకున్నారు. ఈ ఏడు గుండ్రటివి ఎక్కువ పడ్డాయని ఒకరు, పురుగు కూడా ఎక్కువేనని ఒకరు. ఆ ధ్యాసలోనే అమ్మ చేతికి ముద్ద అందిస్తే తినేసేది. ఒకనాడు తల దువ్వుకుంది. ఒకనాడు తనంతట తనే బిందె తీసుకుని వీధి కుళాయికి వెళ్ళింది.

ఆ కుళాయికి వెళ్ళిన రోజునే నేను చూశాను. అమ్మ అటు వెళ్ళగానే మామ్మ గబగబా లేచింది. ఏరి పెట్టిన తపేలా ఎత్తి మూటలో గుమ్మరించింది. దాని మీద పారెయ్యాల్సిన నల్లవీ, విరిగినవీ కూడా పోసి, మోచేతి దాకా చెయ్యి పెట్టి కలియబెట్టింది. ఓలమ్మో, మూట ఎందుకు తగ్గడం లేదా అని నేను అనుకుంటూనే ఉన్నాను! అడిగితే నా రెక్క పట్టుకుని గట్టిగా గుంజింది.

"నోరు ముయ్యే గుంటా. మూట అయిపోతే మీ అమ్మ మళ్ళీ ఆ గోడేపు తిరిగి తొంగుంటాది. సేతికి పనుంటే మనిసి లెగుత్తాది. తెల్సిందా?"

తెలిసింది. తెలియడమేమిటి, మామ్మ అంత తెలివైన మనిషి ఈ జిల్లాలోనే లేదనిపించింది. ఆ రోజు నుంచి నేను కాపలా. అమ్మ బిందె తీయగానే వీధి గుమ్మంలో నిలబడేదాన్ని. వస్తుంటే దగ్గేదాన్ని. అమ్మని బతికిస్తున్నది మేమిద్దరమే అని నాకు లోలోపల గర్వం కూడా.

ఎండలు ముదిరాయి, తగ్గాయి. మబ్బులు పట్టడం మొదలైంది. పచ్చి గింజకి చెమ్మ శత్రువు. వానల్లోకి వెళ్ళిందంటే రంగు పోయి, తెల్లగా ఉబ్బి, గోనె వాసన పట్టేస్తుంది. అది తెలిసిన అమ్మ ఒక మధ్యాహ్నం చేట ముందు కూర్చోబోతూ ఆగి, "అత్తా, సాలు, ఇంక ఏపేద్దామా? వానలొచ్చేత్తన్నాయి" అంది.

నా సంతోషం ఇంతా అంతా కాదు. అమ్మ బాగుపడింది, ఇక దొంగాట అక్కర్లేదు, నాన్న తెచ్చిన కాఫీ తాగుతాం అనుకున్నాను. మామ్మ వైపు చూశాను. ఆవిడ రెండు చేతులూ చేటలోని గింజల మీద పెట్టి కప్పేసుకుంది. "ఇంకా ఉన్నాయి కదే అమ్మీ" అంది. మా మామ్మ గొంతు అంత చిన్నగా ఉండడం నేనెప్పుడూ వినలేదు.

అమ్మ ఒక్క క్షణం ఆవిడ మొహం చూసింది. "అవునత్తా, ఇంకా ఉన్నాయి" అని, కొంగు నడుముకి దోపుకుని కూర్చుంది.

నాకు ఒళ్ళు మండింది. సాయంత్రం అమ్మ పెరట్లో బట్టలు తీస్తుంటే వెళ్ళి, మామ్మ చేస్తున్నదంతా వెళ్ళగక్కేశాను. నాన్న గింజలు ఆవిడే పాడుచేసేస్తోందని, నువ్వు ఏరినవన్నీ మళ్ళీ కలిపేస్తోందని, నిన్ను వెర్రిదాన్ని చేసేసిందని ఏడ్చాను. అమ్మ బట్టలు భుజాన వేసుకుని, నన్ను లోపలికి తీసుకెళ్ళి, చేటలోంచి ఒక గింజ తీసి చూపించింది. రెండు పప్పులు ఒకదాన్నొకటి చుట్టుకుని చెవిలా మడతపడిన వికారపు గింజ.

"దీన్ని నానే ఎన్నిసార్లు ఏరి పారేసేనో" అంది. "మొదటి వారంలోనే తెల్సిపోనాదే నాకు."

"మరెందుకే ఏరుతున్నావు?"

"నాను లెగిసిపోతే ఆవిడెక్కడ కూకుంటాదే? కొడుకు తెచ్చిన ఆకరి గింజలు. ఇవి ఏపేసి తాగేసేమనుకో, రేపు మజ్జానం ఆవిడ ఏటి సేత్తాది?" అని, "మామ్మతో అన్నావంటే సంపేత్తాను" అని నా తల నిమిరింది.

నేను మామ్మతో అనలేదు. అమ్మ బిందె తీసుకుంటే మామ్మ కోసం గుమ్మంలో కాపలా కాశాను, మామ్మ మూట కలియబెట్టడం అయ్యాక, ఇక రావచ్చని అమ్మకి తెలిసేలా గట్టిగా దగ్గాను. అమ్మ కూడా మలుపు దగ్గరే బిందె కింద పెట్టి, కొంగుతో మొహం తుడుచుకుంటూ, నా దగ్గు వినబడేదాకా అక్కడే నిలబడేది. ఒకరి కోసం ఒకరు ఆడుతున్న ఆ ఆటలో నాకు గర్వం పోయింది. దిగులు మాత్రం మిగిలింది.

వానలు వచ్చేశాయి. నేలంతా చెమ్మ. గింజలు చూస్తుండగానే ఆకుపచ్చ పోయి, వెలిసిపోయిన గుడ్డ రంగుకి తిరిగాయి. ముక్కు దగ్గర పెట్టుకుంటే తడిసిన గోనె కంపు. అలాంటి ఒక ముసురు పొద్దున మామ్మే లేచి, పొయ్యి వెలిగించి, మూకుడు పెట్టింది. "సాల్లే. ఏపేద్దాం" అంది. ఎందుకు ఆ రోజే అన్నదో మాకు చెప్పలేదు, మేమూ అడగలేదు.

గింజలు వేగాయి గానీ మునుపటిలా చిటపటలాడలేదు. ఇల్లంతా నిండే ఆ వాసన రాలేదు. అమ్మ తిరగలి తిప్పింది. నల్లగా మూడు గ్లాసులు కాచి ముందు పెట్టుకున్నాం. ప్రతి ఏడూ ప్రార్థన చేసేది నాన్నే. ఇప్పుడు ఎవరం మొదలుపెట్టాలో తెలియలేదు. చివరికి అమ్మ చేసింది. రెండే మాటలు.

తాగాం. బత్తాయి వాసన లేదు, పులుపు లేదు. అటకెక్కించిన పాత గోనె నానినట్టుంది. నేను భయంగా మామ్మ చేతుల వైపు చూశాను, ఇప్పుడు దొడ్లోకి విసురుతుందని. ఆవిడ విసరలేదు. గుక్క గుక్కగా, అడుగున మడ్డి కనిపించేదాకా తాగింది. "బాగుంది" అంది. "బాగుందత్తా" అంది అమ్మ. నేనూ బాగుందన్నాను. అప్పుడు మామ్మ గ్లాసు కింద పెట్టి, అమ్మ ఒళ్ళో తల పెట్టేసి, కొడుకుని పేరు పెట్టి పిలుస్తూ ఏడ్చింది. ఆ ఏడుపుకి వీధిలో వాళ్ళు గొడుగులు వేసుకుని మరీ వచ్చారు. అమ్మ ఆవిడ వీపు నిమురుతూనే ఉంది.

ఆ తోటకి మళ్ళీ మావాళ్ళెవరూ వెళ్ళలేదు. మామ్మ పోయి చాలా ఏళ్ళయింది. నాకూ అప్పుడే తల నెరుస్తోంది, మా ఇంట్లో పిల్లలందరికీ ఇప్పుడు నేనే పెద్దదాన్ని. దుకాణాల్లో తోట పేరూ, కొండ ఎత్తూ అచ్చేసిన కాఫీ పొట్లాలు వస్తున్నాయి. కొంటాను, వాసన చూస్తాను, నచ్చకపోతే మొహమాటం లేకుండా తిరిగిచ్చేస్తాను. కాఫీ విషయంలో నేను నాన్న కూతుర్ని. నా నోరు మాత్రం మామ్మదే, ఓపిక బొత్తిగా లేదు.

కానీ నిరుడు మా ఆడపడుచు భర్త పోయారు. అప్పట్నుంచి ఆవిడ రోజూ మధ్యాహ్నం నాకు ఫోన్ చేసి, ఆసుపత్రిలో ఆయన ఆఖరి పూట సంగతి మొదట్నుంచీ చెబుతుంది. అవే మాటలు, అదే వరసలో, ఆయన మంచినీళ్ళు అడిగిన చోట అలాగే ఆగిపోతూ. మావారు పక్క గదిలోంచి విని, నిన్నా ఇదే కదా చెప్పింది అని సైగ చేస్తారు. నేను తలుపు దగ్గరగా వేసి, కింద చతికిలబడి, ఆవిడ ఆగిన చోట అడుగుతాను, "తర్వాత ఏమైంది వదినా?" అని.