అక్క నేర్చుకున్న పొగ

మొన్న ఆదివారం మా అమ్మాయి ల్యాప్‌టాప్ ముందు కూర్చుని ఒక ఎర్ర బంతిని ఎగరేస్తోంది. వెబ్‌సైట్లలో బొమ్మల్ని కదిలించడం ఎలాగో కాలేజీలో నేర్పుతున్నారట, మొదటి పాఠం బంతి. బంతి పడుతోంది, లేస్తోంది, మళ్ళీ పడుతోంది, కానీ ఎక్కడో ప్రాణం లేదు, లిఫ్టులో ఎక్కి దిగుతున్నట్టుంది. నేను కూరగాయలు తరుగుతూనే, "నేల తాకినప్పుడు అది జెర చదును కావాలె, పైకి పోయే కొద్దీ నెమ్మదించాలె" అన్నాను. ఫోన్లో ఫొటో పంపడం కూడా తన దగ్గరే నేర్చుకున్న తల్లి నోట ఆ మాట వచ్చేసరికి దానికి అనుమానం వచ్చింది. "నీకెట్ల తెలుసమ్మా?" అంది. మీ పెద్దమ్మ నేర్చుకుంటుంటే పక్కన కూర్చున్నానని చెప్పాను. పెద్దమ్మ అంటే దానికి తెలిసింది బొల్లారంలో ఒక మందుల కంపెనీలో ప్యాకింగ్ సూపర్‌వైజరు, చుట్టాలింటికి వచ్చినా డబ్బాల మూతలు గట్టిగా పడ్డాయో లేదో తిప్పి చూసే మనిషి. ఆవిడకు యానిమేషన్ ఏమిటని పడీ పడీ నవ్వింది. దాని తప్పేం లేదు, దానికి ఎవరూ చెప్పలేదు. నాకు మాత్రం ఆ పూట అన్నం సహించలేదు.

మాది జోగిపేట అవతల ఒక పల్లె. పొలం ఉంది గాని బోర్లు ఒకదాని తర్వాత ఒకటి ఎండిపోయాయి. దాంతో నాయిన బొల్లారంలో ఒక మందుల కంపెనీలో బాయిలర్ ఆపరేటరుగా చేరాడు, మేము పటాన్‌చెరులో కిరాయి ఇంట్లో దిగాం. బాయిలరంటే కంపెనీ అంతటికీ ఆవిరి పంపే పెద్ద పొయ్యి. నాయినకు దాని మీద ఉన్న శ్రద్ధ చూసి అమ్మ, "మీ నాయినకు నేను రెండోదాన్ని, మొదటిది గా బాయిలరే" అనేది. మా గల్లీలో డిగ్రీ అయిన ఆడపిల్లకు ఒకటే దారి, పొద్దున్నే కంపెనీ బస్సెక్కి ప్యాకింగ్ సెక్షన్‌కు పోవడం, దినమంతా నిలబడి డ్రమ్ములకు లేబుళ్ళు అంటించడం. ఆ బస్సు వచ్చే వేళకు అక్క తలుపు వేసుకునేది. చిన్నప్పటినుంచీ దాని చెయ్యి ఊరుకునేది కాదు, పిండి పిసుకుతూ కూడా పీట మీద వేలితో కోడిపుంజును గీసేది. బస్టాండు దగ్గర టైర్ల దుకాణం పైన కొత్తగా కంప్యూటర్ సెంటర్ పెట్టారని తెలిసి, వెబ్‌సైట్లకు బొమ్మలు కదిలించడం నేర్చుకుంటానని పట్టుబట్టింది. "బొమ్మలాడిస్తె జీతమిస్తరా?" అని నాయిన అడిగాడు. "ఇస్తరు నాయినా, పట్నంల మస్తు డిమాండున్నది" అంది అక్క. డిమాండు సంగతి నాయినకు పట్టలేదు, పిల్ల మొహంలో వెలుగు పట్టింది. ఇంటర్ చదువుతున్న నన్ను తోడు ఇచ్చి పంపారు.

ఆ సెంటర్లో పాఠం చెప్పే సారు కోస్తా వాళ్ళబ్బాయి, వాళ్ళ నాన్న ఇక్కడి ప్రభుత్వ ఫ్యాక్టరీలో ఉద్యోగానికి వచ్చి స్థిరపడ్డాడు. ఆయన మనుషులకే కాదు, మొరాయించిన మౌసుకు కూడా "కదలండీ" అని మర్యాదగా చెప్పేవాడు. కింద ముంబై హైవే మీద లారీ పోయిన ప్రతిసారీ టేబుళ్ళు వణికేవి, అక్క గీసే గీత పక్కకు జారేది. ఇక కరెంటు పోయిందంటే అప్పటిదాకా గీసిందంతా గంగలో కలిసినట్టే, అందుకని క్లాసంతా మంత్రం చదివినట్టు "సేవ్, సేవ్" అంటుండేది. సారు చెప్పే కిటుకు చిన్నదే. మొదటి బొమ్మ మనం గీయాలి, చివరి బొమ్మ మనం గీయాలి, మధ్యలో నడక కంప్యూటరు చూసుకుంటుంది. "కానీ దాన్ని పూర్తిగా నమ్మకండమ్మా, దానికి బరువు తెలీదు. బరువు మీరే చెప్పాలి" అనేవాడు. బంతికి బరువు తేవడానికి అక్క ఇంట్లో నిమ్మకాయల్నీ చపాతీ ముద్దల్నీ కింద పడేసి చూసేది. అమ్మ తిట్టేది, ముద్దలు దులిపి మళ్ళీ ఒత్తేది. వాటితో చేసిన చపాతీలు కాస్త కరకరలాడినా ఎవరం ఏమీ అనలేదు.

కోర్సు చివరికొచ్చే వేళకు నాయిన ఒక మాట మోసుకొచ్చాడు. వాళ్ళ కంపెనీ వెబ్‌సైటు పెడుతోందట. మా పిల్ల బొమ్మలు కదిలిస్తది సార్ అని నాయిన మేనేజరుకు చెప్పుకున్నాడు. మొదటి పేజీకి ఒక బొమ్మ చేసి చూపించమను, బాగుంటే ఆఫీసులోనే కంప్యూటర్ మీద పెట్టుకుంటామని ఆయన మాటిచ్చాడు. అక్క సంతోషం అంతా ఇంతా కాదు. కంపెనీ గేటు తెరుచుకోవడం, బస్సు లోపలికి రావడం, వెనక నీలం ఆకాశం, అంచుల్లో చెట్లు ఊగడం, అన్నీ తయారు చేసింది. అది చూడటానికి నాయిన డ్యూటీ దిగి యూనిఫాంతోనే సెంటర్ మెట్లెక్కాడు. ఆ బట్టల మందుల వాసనకు ఇద్దరు కుర్రాళ్ళు ఫ్యాన్ దగ్గరికి జరిగారు. నాయిన తెర వంక చాలాసేపు చూసి, "కంపెనీ బందువెట్టిన్రా ఏంది?" అన్నాడు.

మాకు అర్థం కాలేదు. "పొగ ఏదే?" అన్నాడు. అంతకు ముందటేడు ఏవో గొడవలతో కంపెనీ కొన్నాళ్ళు మూతపడింది. అప్పుడు నాయిన పొద్దున్నే పోయి గేటు దాకా నడవకుండా దూరంనుంచే చిమ్నీ చూసి వెనక్కొచ్చేవాడు. పొగ లేదంటే పని లేదు, అంతే. మళ్ళీ పొగ లేచిన దినం మా ఇంట్లో పాయసం వండారు. మా గల్లీ వాళ్ళందరికీ చిమ్నీ పొగంటే ఇంట్లో పొయ్యి వెలిగినట్టే. ఆ పొగే మా గొంతుల్ని గీరేది, ఆరేసిన బట్టల మీద మసి పరిచేది, అది వేరే సంగతి. "పొగ లేని కంపెనీని సూస్తె ఎవడన్న మందులు కొంటడా?" అని నాయిన తేల్చేశాడు. సారు మెల్లగా, "వెబ్‌సైటుకి శుభ్రంగా ఉంటేనే బావుంటుందేమోనండీ" అన్నాడు గాని, నాయిన మొహం చూసి ఊరుకున్నాడు.

పొగ చేయడం బంతి చేసినంత సులువు కాదు. మొదలూ చివరా గీసి కంప్యూటరుకు వదిలేస్తే, ఇడ్లీలు వరసగా ఆకాశానికి పోతున్నట్టు వచ్చింది. అక్క ఏడుపు మొహం పెట్టింది. నాయినకు సెలవున్న పొద్దున ముగ్గురం కంపెనీ ఎదురుగా చాయ్ బండి దగ్గర నిలబడ్డాం. "సూడు, మూతి కాడ దుంకుతది. జెర పైకి వొయ్యినంక సల్లవడ్తది. ఇగ గాలి యాడికి దీస్కవోతే ఆడికే" అని నాయిన చెప్తుంటే, అక్క చాయ్ తాగడం మరిచిపోయి గాలిలో వేలితో గీసుకుంటోంది. ఆ తర్వాత కంప్యూటరును నమ్ముకోలేదు, ప్రతి బొమ్మా చేత్తోనే గీసింది. చివరికి ఆ పొగ తెర మీద లేచి, చిక్కబడి, ఒక పక్కకు ఒరిగి, ఉందా లేదా అనిపించేలా ఆకాశంలో కలిసిపోతుంటే, సారు "అమ్మా, ఇది నేను నేర్పింది కాదండీ" అన్నాడు. మా అక్క అంత అందంగా ఉండగా నేను మళ్ళీ చూడలేదు.

మేనేజరు గదిలో అక్క కంప్యూటర్ ముందు కూర్చుని సీడీ పెట్టింది, నాయినా నేనూ వెనక నిలబడ్డాం. తెర మీద గేటు తెరుచుకుంది, బస్సు వచ్చింది, ఆయన నవ్వాడు. చాయ్ తెచ్చిన అటెండరు కూడా వంగి చూశాడు. పొగ లేచింది. "ఆపమ్మా" అన్నాడు మేనేజరు. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు నీళ్ళు పాడయ్యాయని, గాలి పాడయిందని అర్జీలు పెడుతున్న రోజులవి. "నిప్పు లేందే పొగ రాదని జనం ఇప్పటికే అంటున్నారు. మన సైట్లో మనమే చూపిస్తే ఎలా?" అన్నాడాయన, కోపంగా కూడా కాదు. అక్క వెంటనే, "తీసేస్త సార్, జల్దీ అయితది" అంది. నిజంగానే చిన్న పని, పొగను విడిగా గీసింది. అంతటితో అయిపోయేదే. కానీ బిడ్డ మీద మాట పడిందని నాయిన ముందుకొచ్చాడు. "పొగ నేనే పెట్టమన్న సార్. దినాం మన చిమ్నీల నుంచి వచ్చేదే సార్ అది, దగ్గరుండి సూపిచ్చిన" అన్నాడు. గొంతులో గర్వం కూడా ఉంది. మేనేజరు తెరను వదిలేసి నాయినను చూశాడు. "దినాం ఇంత వస్తుందా? నీ డ్యూటీలోనా?" అన్నాడు.

బాయిలర్ సరిగ్గా మండిస్తే అంత పొగ రాకూడదు, వచ్చిందంటే తప్పు నడిపేవాడిదే. నాయిన ఉద్యోగం ఆ కాసేపట్లో గాలిలో దీపమైంది. అప్పుడు అక్క లేచి కంప్యూటర్‌లోంచి సీడీ తీసేసింది. "లేదు సార్, గంత పొగ రాదు. నాకే గీయొస్తలేదు. ఇంక సరిగ్గ నేర్సుకోలే సార్" అంది. మేనేజరు మొహం తేటపడింది, అందరికీ పనికొచ్చే జవాబు దొరికింది మరి. సరే, బాగా నేర్చుకున్నాక చూద్దాం, ఇప్పటికైతే ప్యాకింగ్‌లో ఖాళీ ఉందన్నాడు. పనే రాదని తన నోటితో చెప్పుకున్నాక అక్క ఆఫీసు ఉద్యోగం ఏ మొహంతో అడుగుతుంది? వెనక్కొచ్చేటప్పుడు షేర్ ఆటోలో ముగ్గురం పక్కపక్కనే కూర్చున్నాం. ఆ వారంలోనే అక్క కంపెనీ బస్సెక్కింది. మళ్ళీ ఆ సెంటర్ మెట్లెక్కలేదు. అది నేర్చుకున్న సాఫ్ట్‌వేరును కూడా కాలం కొట్టేసింది, ఇప్పుడు ఆ సీడీ పెట్టడానికి ల్యాప్‌టాప్‌కు చోటే లేదు, పెట్టినా తెరుచుకోదు. నాయిన రిటైరయ్యాక కూడా, ఏం మాట్లాడుతూ మాట్లాడుతూనో ఆగి, "నోరు మూసుకోని నిలవడితే అయిపోతుండె గద" అనుకునేవాడు. అక్క వినిపించుకోనట్టు లేచి వెళ్ళిపోయేది. ఆయన పోయి రెండేళ్ళు కావస్తోంది.

మొన్న సాయంత్రం అక్కకు ఫోన్ చేసి, పిల్ల నవ్విన సంగతి చెప్పాను. "నవ్వనియ్యే" అంది. మళ్ళీ తనే అంది, "నాయిన పొగ అడగకపోతే నేను బంతి కాడనే ఆగిపోతుంటి. నేను జేసిన వాట్లల్ల మంచిది గదొక్కటే." "గీ మాట నాయినకు ఎన్నడన్న చెప్పినవా అక్కా?" అన్నాను. అవతల కంపెనీ బస్సు హారను వినిపించింది. "ఏడ చెప్పిన? నాకు కోపముండె. కోపం పోయేసరికి నాయిన వోయిండు" అంది. కోపం దిగడానికి దాని కాలం దానికి పడుతుంది, వినవలసిన మనిషి మాత్రం అందాకా ఆగడు.