జాన్సన్‌గా, రేపటి రేసు క్యాన్సిల్ గాలే

నిన్న పొద్దున నేను కార్ ఇంజన్ బోల్టులు బిగిస్తుంటే ఫోన్ మోగింది. జాన్సన్ వాళ్ల తమ్ముడు.

"అన్నకు యాక్సిడెంట్ అయింది కిరణన్నా. అన్న ఇగ లేడు."

"నాటకాలొద్దని చెప్పు వానికి. ఆదివారం రేసు ఆగది," అని నేనన్న.

ఓడిపోతనన్న భయంతోని వాడు ఆడించే కొత్త డ్రామా అనుకున్న. అసొంటి పనులు శానా చేసిండు.

తమ్ముడు నవ్వలే.

జీడిమెట్లల డ్యూటీ దిగి మేడ్చల్ వస్తుంటే, రోడ్డు మీద లైట్లు లేకుంట ఆపిన లారీ. అంతే.

నిన్నటి నుంచి అందరు "బంగారమసొంటి మనిషి" అని పోస్టులు పెడ్తున్నరు.

నేను పెట్ట.

వాని మీద నాకు పగ ఉన్నది. మనిషి పోయిండని పగ పోతదా?

తెల్వనోళ్లకు చెప్తున్న. మేం రేసు పెట్టేటివి చిన్న రిమోట్ కార్లు, గని బ్యాటరీ బొమ్మలు కావు. నైట్రో కార్లు. చేతిల రిమోట్ ఉంటది గని, లోపట నిజమైన ఇంజన్, ఫ్యూయల్ తాగి పొగ ఇడుస్తది. అండ్ల పిస్టన్ మస్తు టైట్. చలికి ఇంకింత బిగుసుకుంటది. ముందుగాల వేడి చెయ్యకుంట స్టార్టింగ్ తాడు గుంజినవా, ఇంజన్ అన్న ఖరాబైతది, తాడన్న తెగుతది.

ఇగ నా కథ.

శామీర్‌పేట దిక్కు ఒక వెంచర్. రోడ్లేసిండ్రు, ఇండ్లు కట్టలే. మాకు దేవుడిచ్చిన ట్రాక్. ఒక చలికాలం పొద్దున మా ఇద్దరికి రేసు. నేను మా అక్క హెయిర్ డ్రయ్యర్ ఎత్తుకపోయిన. ఇంజన్ వేడి చేస్తందుకు అదే మాకు హీటర్. ప్లగ్గు వాచ్‌మన్ మల్లేశన్న రూమ్‌ల ఉంటది.

నాకంటె ముందే జాన్సన్ పోయి ఆయన చెవుల ఊదిండు.

"అన్నా, గా డ్రయ్యర్ పెడ్తె ఆఫీస్ వైరింగ్ అంత కాల్తది. మీ సేటు నిన్నే అడుగుతడు."

మల్లేశన్న ఫ్యూజు పీకి జేబుల ఏసుకున్నడు. ఎంత బతిమిలాడినా ఇయ్యలే.

జాన్సన్‌కు కరెంటుతోని పనే లేదు. వాళ్లమ్మ గ్రేసమ్మ ఆంటీ వేడి ఉప్పు మూట గట్టి టిఫిన్ డబ్బాల పెట్టిచ్చేది. మనం నడుము నొప్పికి పెట్టుకునే కాపడం ఉంటది సూడు, వీడు ఇంజన్‌కు పెడ్తడు. జరమొచ్చిన పోరన్ని ఒళ్లె పండబెట్టుకున్నట్టు కూసుంటడు.

నాకు రోషం పొడుచుకొచ్చింది. "సల్లగనే స్టార్ట్ చేస్త" అని తాడు గుంజిన.

రాలే.

పానమంత పెట్టి గుంజిన.

తాడు తెగి చేతికొచ్చింది. నేను ఎనకకు పోయి తుమ్మకంపల కూలవడ్డ.

వాడు వచ్చి లేపలే. కార్ స్టార్ట్ చేసి నా సుట్టు రౌండ్లు కొట్టిండు. పొగంత నా మొఖానికే. ఆఖరికి వంగి, మస్తు మర్యాదగ అడిగిండు:

"అరే కిరణ్, ఇప్పుడు కాపడం ఇంజన్‌కా, నీకా?"

గంతటితోని ఇడ్సిపెట్టిండా? మా అక్క పెండ్లిల, మగపెండ్లోళ్ల ముంగట, షామియానా కింద యాక్షన్ చేసి సూపెట్టిండు. పడుడుతోని సహా. మా బావ ఇప్పటికీ నన్ను సూస్తే "ముండ్లన్నీ ఎల్లినయా?" అంటడు.

అప్పుడే ఒట్టు పెట్టుకున్న. వీన్ని అందరి ముంగట ఓడగొట్టాలె.

కొత్త ఇంజన్ తెప్పిచ్చిన. వాడు డ్యూటీకి పోయినంక దొంగసాటుగ వాళ్లింటికి పోయి ఆంటీ దగ్గర మూట గట్టుడు నేర్సుకున్న. గల్లుప్పు చిటపటమనేదాంక వేయించాలె. పాత కాటన్ చీర గుడ్డల రెండు పొరలు గట్టాలె.

"వానికి చెప్పకు ఆంటీ" అన్న.

"నాకేం పని బిడ్డా" అన్నది.

రేపే గా ఆదివారం. వాని పక్కనే కూసోని, నా మూట తీసి, తాపీగ ఇంజన్ మీద పెట్టి వాని మొఖం సూద్దామనుకున్న. ఏం డైలాగ్ కొట్టాల్నో అద్దం ముంగట ప్రాక్టీస్ గూడ చేసిన.

ఇయ్యాల పొద్దున వాళ్లింటికి పోయిన. వాకిట్ల ఫ్రీజర్ బాక్స్. అద్దం మీద చెయ్యి పెట్టిన.

ఐసు.

తన ఇంజన్ సల్లగున్నప్పుడు ఎవరన్న తాడు ముట్టుకుంటెనే తిట్టేటోడు, గంత సలిల పండుకున్నడు. నాకు ఏడుపు రాలే. కోపం లేసింది. లేపి కొట్టాలన్నంత.

ఆంటీ నన్ను వంటింట్లకు పిలిచింది. పొయ్యి పక్కన గల్లుప్పు. చింపి మడతపెట్టిన చీర గుడ్డలు రెండు.

"ఆదివారానికి రెండు మూటలు గట్టమన్నడు బిడ్డా. నీకొకటంట."

"నాకా?"

"నువ్వొచ్చి నేర్సుకపోయింది నేనే చెప్పిన. కడుపు పట్టుకోని నవ్విండు. 'వాడు గడ్తె వదులైతది, ఉప్పంత ఇంజన్ల పడ్తది. నువ్వే గట్టియ్యి. వేడి ఇంజన్‌తోని ఓడిపోతె గాడిదికి సాకు ఉండది' అన్నడు."

గప్పుడొచ్చింది ఏడుపు.

సూసిండ్రా? సావు ఇంట్ల గూడ నన్నే ఓడగొట్టిండు.

గని జాన్సన్‌గా, ఇను. గా రెండు గుడ్డలు నా జేబుల ఉన్నయి. రేపు ఆంటీ మూటలు గట్టిస్తనన్నది. నీ కార్ గూడ వస్తది, రిమోట్ మీ తమ్ముని చేతిల ఉంటది. ముందుగాల నీ ఇంజన్‌కే కాపడం పెడ్త. మంచిగ, నిదానంగ, నువ్వు పెట్టినట్టే.

ఆ తర్వాత ఓడగొడ్త. పోయినోడని ఒక్క రౌండ్ గూడ ఇడ్సిపెట్ట. నీ కార్ సుట్టు తిరిగి పొగ ఇడుస్త. నువ్వు అడిగినట్టే వంగి అడుగుత.

గ్యాంగ్ అంత రండ్రి. మల్లేశన్నా, ఫ్యూజు నీ జేబులనే ఉండనియ్యి.

ఇగ బయల్దేరాలె. సాయంత్రం చర్చి ఎనక మట్టి చేస్తున్నరు. కార్ తర్వాత, ముందుగాల నిన్ను మొయ్యాలె.

పోయిరా రా. గా ఐసు డబ్బా ఇయ్యాల్టితోనే ఖతం. మట్టిల వెచ్చగ ఉంటదంట.

నిమ్మళంగ పండుకో.