జాబితాలో మా అన్న డప్పు

మాటలున్న పాట వింటూ నేను జాకెట్టు కుట్టలేను. పాటలో ఆమె ఏడిస్తే మిషన్ మీద నా కాలు నెమ్మదిస్తుంది, ఆమె అలిగితే మెడ పట్టీ వంకరపోతుంది. కొత్తలో ఒక పెండ్లికూతురి జాకెట్టుకు రెండూ ఎడమ చేతులే కుట్టిపెట్టాను. తప్పు నాది కాదు, ఆ పాటలో విడిపోయిన జంటది. అప్పటి నుంచి షాపులో ఒట్టి వాద్యాలే పెట్టుకుంటాను. సిద్దిపేటలో నా అంత వాద్య సంగీతం విన్న టైలరు ఇంకొకరుంటే చూపించండి, నా కత్తెర ఇచ్చేస్తాను.

ఈ పిచ్చి వల్లే నిరుడు నాకు పెద్దవాళ్ల సావాసం దొరికింది. మా వీధి చివర ఒక రిటైరైన లెక్చరర్ సార్ ఉంటారు. వాళ్ల మేడం జాకెట్లు ఇరవయ్యేళ్లుగా నేనే కుడుతున్నాను. ఒకరోజు ఆమె కొలతలకు వచ్చి, నా ఫోనులో మోగుతున్నది విని, "మా ఇంట్ల గూడ గిసుమంటియే వింటడు మా సారు. ఇద్దరు ఒక్కటే తీరున్నరు" అని నవ్వింది. మర్నాడు సార్ స్వయంగా షాపుకొచ్చి, జాకెట్టు గుడ్డల మధ్య స్టూలు మీద కూర్చుని ఆ ముక్క మొత్తం విన్నారు. పోతూ పోతూ రెండో ఆదివారం తమ మేడ మీదికి రమ్మన్నారు.

ఆ మేడ గదిలో నెలకోసారి పదీ పన్నెండు మంది చేరతారు. మెడికల్ షాపాయన, బ్యాంకు ఉద్యోగులు, ఇద్దరు ముగ్గురు పంతుళ్లు. ఒక్కొక్కరు ఒక్కో వాద్యం ముక్క తేవాలి. సారే మన ఫోను తీసుకుని పెద్ద స్పీకరుకు కలిపి నొక్కుతారు. అందరూ కళ్లు మూసుకుని వినాలి, అయిపోయేదాకా మాట్లాడొద్దు. తర్వాత సార్ తన నోటుబుక్కులో వాద్యం, వాయించినవారి పేరు, ఊరు రాసుకుంటారు. ఏడాది చివర ఆ బుక్కు తిరగేసి, అందరం కలిసి ఆ ఏటికి బాగా నచ్చినవి ఏరతాం. మొదటిసారి పోయినప్పుడు కుర్చీ అంచున కుక్కిన పేనులా కూర్చున్నాను. మూడో నెలకల్లా నేనే "సార్, ఇందులో గిటారు శ్రుతి కొంచెం దిగింది" అనే స్థాయికి వచ్చాను. అవును, దిగింది. ఆయనే మళ్లీ విని ఒప్పుకున్నారు.

నిరుడు ఆ గదిలో విన్నవాటిలో నా మనసు పట్టుకుపోయినది ఒక బ్లూస్ గిటారు. వాయించినాయన సీసా మెడ ముక్కను వేలికి తొడుక్కుని తీగ మీద జారుస్తాడట. తీగ పలకడం కాదు, మూలగడం అది. అమెరికాలో పత్తి చేన్లలో చాకిరీ చేసిన నల్లవాళ్ల నుంచి పుట్టిన సంగీతమని సార్ చెప్పారు. నేను పెండ్లయ్యేదాకా నంగునూరులో పత్తి ఏరినదాన్నే. కాయ అంచు గుచ్చుకుని వేళ్ల చివర్లు ఎట్లా మండుతాయో ఆ గదిలో నాకొక్కదానికే తెలుసు. ఆ ముక్కను షాపులో ఎన్నిసార్లు పెట్టుకున్నానో లెక్కలేదు. ఇంకొకటి, నోటితో ఊదే మౌతార్గాన్ మీద రైలు నడిపించింది. సిద్దిపేటకు నిజం రైలు వచ్చి ఎన్నాళ్లో కాలేదు కాబట్టి మెడికల్ షాపాయనకు అది మరీ నచ్చింది.

ఇంతమంది ఇన్ని దేశాలవి తెస్తుంటే నేను నోరు మెదపని సంగతి ఒకటి ఉంది. మా అన్న నంగునూరులో డప్పు కొడతాడు. పగలంతా కూలిపని. చావైనా, పెండ్లయినా, బోనాలైనా, పీర్ల పండుగైనా కబురొస్తే డప్పు భుజానేసుకుని పోతాడు. చుట్టుపక్కల ఊర్లలో ఆయన చేతిని గుర్తుపట్టనివాళ్లు లేరు. కానీ డప్పు అంటే మా దగ్గర వాద్యమే కాదు, మనిషి ఏ వాడకట్టు వాడో చెప్పే గుర్తు కూడా. పెండ్లయి ఈ వీధికొచ్చిన కొత్తలో ఎవరో "మీ పుట్టినింటోళ్లు ఏం చేస్తరు?" అని అడిగితే "ఎవుసం" అన్నాను. ఆ మాట మీదే ఇరవై రెండేళ్లు నడిచాను. మా అన్న నా షాపుకొస్తే డప్పు గోనెసంచిలో పెట్టుకుని వచ్చేవాడు. పెట్టుకోమని నేనెప్పుడూ చెప్పలేదు. వద్దని కూడా చెప్పలేదు.

ఏడాది చివరి నెలకు సార్ ఒక షరతు పెట్టారు. "ఈసారి ఇంటర్నెట్‌ల దొరికింది వద్దు. మీ చెవులతోని విని, మీ ఫోన్‌ల మీరే రికార్డ్ చేసింది తేవాలె." వినగానే నాకు మా అన్నే గుర్తొచ్చాడు. ముక్క పెడతాను, అందరూ ఆహా అంటారు, ఎవరిదంటే ఏదో ఊర్లో రికార్డు చేశానంటాను. మెప్పు కావాలి, చుట్టరికం వద్దు. అంత తెలివి నాది.

బజారు మూసిన ఒక మధ్యాహ్నం అన్నను షాపుకు పిలిపించి షట్టరు దించాను.

"షట్టరెందుకు?" అన్నాడు.

"బండ్ల సప్పుడు రికార్డ్‌ల పడ్తదన్నా."

వీధిలో ఒక్క బండి లేదు. ఆయన సంచిలోంచి డప్పు బయటికి తీశాడు.

చలికి డప్పు తోలు దిగిపోయింది, కొడితే తడి అట్టలా మోగింది. తోలు కాచాలి. ఊర్లో అయితే గడ్డి అంటిస్తారు. టైలరు షాపులో గడ్డి ఎక్కడిది? నేను కత్తిరించగా మిగిలిన గుడ్డముక్కలు పళ్లెంలో పోసి అంటించాను. అవి కాటన్‌వి కావు, లైనింగు గుడ్డలు. కాలవు, కరుగుతాయి. నల్ల పొగ, ముక్కు పగిలే కంపు. ఇద్దరం దగ్గలేక చచ్చాం. అప్పుడు కూడా షట్టరు జానెడే ఎత్తాను. చివరికి మూలన ఉన్న బొగ్గుల ఇస్త్రీపెట్టె గుర్తొచ్చింది. బొగ్గులు రాజేసి మూత తీసిపెడితే, అన్న డప్పును దాని పైన తిప్పుతూ, వేలితో తడుతూ, చెవి ఒగ్గి వింటూ పకపకా నవ్వాడు.

"మంచిగున్నది చెల్లె. జాకెట్లు అయిపోయినయ్, ఇగ డప్పుకు ఇస్త్రీ."

తోలు కంగుమంది. కుడిచేతిలో చిర్ర అనే లావు కర్ర, ఎడమచేతిలో సన్నటి పుల్ల పట్టుకుని నిలబడ్డాడు. నేను ఫోను నొక్కాను. ముందు చావు దెబ్బ కొట్టాడు. అదేందన్నా అంటే, "చెయ్యి కుదరాలంటే గిదే ముందు. ఎక్కువ కొట్టింది గిదే గద" అన్నాడు. తర్వాత బోనాలది, పీర్లది, ఆఖరున పెండ్లిది. పెండ్లి దెబ్బకు నా కత్తెర బల్ల మీద గలగలా కదిలింది. అది చాలు, ఇదే పెట్టాలి అనుకున్నాను. నాలుగూ ఫోనులో అంకెలతో పడి ఉన్నాయి. పేర్లు పెట్టాలన్న ధ్యాస నాకు రాలేదు.

రెండో ఆదివారం నా వంతు వచ్చింది. సార్ నా ఫోను తీసుకున్నారు. "చివరిది సార్" అని నేను అనేలోపే ఆయన మొదటిది నొక్కేశారు. అందరూ కళ్లు మూసుకున్నారు.

రెండు దెబ్బలు పడేసరికి నాకు తెలిసిపోయింది. నాలుగో దెబ్బకు మెడికల్ షాపాయన కళ్లు మూసుకునే లేచి నిలబడ్డాడు. చావు డప్పు పోతుంటే దుకాణం ముందు లేచి నిలబడే అలవాటు ఆయన కాళ్లకు ఉంది. పక్కింటివాళ్లు గోడ దగ్గరికొచ్చి తొంగిచూశారు. పిండి చేతులతో మేడం మెట్లెక్కి పరుగెత్తుకొచ్చింది.

"ఎవరు వోయిన్రు? అయ్యో, ఎవరు వోయిన్రు?"

సార్ గబగబా ఆపేశారు. స్పీకరు మీద నా ఫోను కనబడి ఆమెకు విషయం అర్థమైంది. ముఖం ఎర్రబడింది. "బతికున్నోళ్ల ఇంట్ల చావు దెబ్బనా! గిదేం సంగీతం?"

సార్ నన్ను కాపాడబోయారు. "ఎక్కడన్న దారిల పోతుంటే రికార్డ్ చేసినట్టున్నది. ఎవరో ఏమో, ఆమెకేం ఎరుక? కదమ్మా?"

తలూపితే అయిపోయేది. ఎవరో ఏమో అని అందరూ మరిచిపోయేవాళ్లు. వచ్చే నెల ఇంకో గిటారు తెచ్చుకునేదాన్ని. కానీ అప్పుడే నాకు ఒకటి తట్టింది. ఏడాదంతా ఆ గదిలో ఎన్ని దేశాల వాద్యాలు మోగాయో. ఒక్కదానికైనా వంటింట్లోంచి మనిషి పరుగెత్తుకొచ్చిందా? ఒక్క మాట లేకుండా, నాలుగంటే నాలుగు దెబ్బలతో, ఇంటింటికీ కబురు చెప్పిన చెయ్యి ఏదైనా ఉందా? పెరటి చెట్టు మందుకు పనికిరాదంటారు గానీ, ఆ చెట్టును సంచిలో దాచింది నేనే కదా. భయం పోయి నాకు ఒళ్లంతా గర్వం పాకింది. తిట్లు తింటున్న మనిషికి గర్వమేమిటో, కానీ అదే వచ్చింది.

"ఎవరో కాదు సార్. మా అన్న" అన్నాను. "నా తోడబుట్టినోడు. నంగునూరుల డప్పు కొడ్తడు. తప్పు ఆయనది కాదు, ఆఖరుది పెట్టాలె, ముందుది పడ్డది."

మేడం నన్ను పైనుంచి కిందిదాకా చూసింది, ఇరవయ్యేళ్లుగా తన కొలతలు తీసిన మనిషిని ఇప్పుడు తాను కొలుస్తున్నట్టు. తర్వాత చేతుల పిండి కొంగుకు తుడుచుకుంది.

"సొంత అన్నను ఇన్నేండ్లు చెప్పకపోతివి గదనే" అంది. "సరె, పెండ్లి దెబ్బ ఉన్నదా? గది పెట్టు ముందుగాల. చావు దెబ్బ పడ్డ ఇంట్ల మంచి దెబ్బ పడాలె."

ఆమె వంటింటికి పోలేదు. నా పక్క కుర్చీలో కూర్చుంది. ఈసారి నేనే నొక్కాను. మా అన్న పెండ్లి దెబ్బ ఆ స్పీకరులో పడితే కిటికీ రెక్కలు అదిరాయి. కళ్లు మూసుకోవాలన్న నియమం ఒక్కరూ పాటించలేదు. మేడం చెయ్యి తొడ మీద దరువేసింది.

అయిపోయాక సార్ అడిగారు, "సన్న పుల్ల ఒక్కోసారి కొంచెం ఆలస్యంగ పడ్తుంది. తడబాటా?"

"తడబాటు కాదు సార్, అది నడక. మీ సీసా గిటారాయన గూడ గట్లనే ఆలస్యంగ వస్తడు. ఆయనను మీరు అడగలే."

సార్ నవ్వి నోటుబుక్కు తెరిచారు. వాద్యం డప్పు, ఊరు నంగునూరు. పేరు అడిగితే మా అన్న పేరు ఇంటిపేరుతో సహా చెప్పాను. అది పెండ్లికి ముందు నా ఇంటిపేరు కూడా. ఆ ఏటికి నచ్చినవి ఏరినప్పుడు అందరికంటే ముందు చెయ్యెత్తింది మెడికల్ షాపాయన. సీసా గిటారు రెండోది, మౌతార్గాన్ రైలు మూడోది. మొదటిది మా అన్న.

సోమవారం పొద్దున షాపులో ముగ్గురు ఆడవాళ్లు జాకెట్ల కోసం నిలబడి ఉండగా అన్న ఫోన్ చేశాడు. జరిగింది చెప్తే ముందు గయ్యిమన్నాడు. "ఇంట్ల చావు దెబ్బ పెట్టినవా? నీకు బుద్ధున్నదా చెల్లె?" కాసేపటికి గొంతు తగ్గించాడు. "కొట్టింది ఎవరని చెప్పినవ్ మరి?"

ఎదురుగా ఉన్న ముగ్గురూ నా మాటలే వింటున్నారు.

"నంగునూరుల డప్పు కొట్టేది మా అన్న అని చెప్పిన."

"షాపుల ఎవరన్న ఉన్నరా?" అన్నాడు.

"ముగ్గురున్నరు."

"వాళ్లు విన్నరా?"

"విన్నరు."

"మళ్లొక్కసారి అను" అన్నాడు మా అన్న.

మిషన్ మీది నుంచి లేచి, షట్టరు దాకా నడిచి, వీధివైపు తిరిగి మళ్లీ చెప్పాను.