అమ్మ కనిపిస్తేనే పని

మా వదిన ఫొటో స్టూడియోలో పాత ఫొటోలు బాగుచేస్తుంది. చిరిగిన చెవులు అతికిస్తుంది, చెదలు తిన్న ముక్కులు మొలిపిస్తుంది. అదే షాపులో కౌంటర్ దగ్గర ఉండేది నేను. ఆడపడుచుని ఎదురుగా పెట్టుకుని పనెలా చేస్తావని ఎవరైనా అడిగితే, "అది నోరు తెరవనంతసేపూ బాగానే సాగుతుంది" అంటుంది.

మా కంప్యూటర్‌లో ఏదీ దాచకూడదని ఓనరు రూలు. అన్నీ ఊరవతల మెయిన్ షాపు కంప్యూటర్‌లోనే ఉండాలి. అక్కడి ఫోల్డరు, బయటివాళ్ళు చూడకుండా తాళం వేసిన కనెక్షన్ మీద మా దగ్గర తెరుచుకుంటుంది. చూడ్డానికి మా సొంత ఫోల్డరులాగే ఉంటుంది. కొంప ముంచింది అదే.

ఆ రోజు పొద్దున టైలర్ తాత వాళ్ళమ్మ ఫొటో తెచ్చాడు. ఆవిడది అదొక్కటే ఉంది, అదీ అద్దానికి అతుక్కుపోయింది. వదిన అద్దంతో సహా స్కాన్ చేసి, మెల్లగా ఊడదీయబోయింది. మొహం ఉన్న చోటంతా పొడిపొడిగా రాలిపోయింది. ఇక ఆ స్కానే దిక్కు. ఫోల్డరు తెరిస్తే ఖాళీగా ఉంది. మెయిన్ షాపువాళ్ళు సర్దుతున్నారేమో అనుకుని, స్కాన్ అందులోనే సేవ్ చేసి, అన్నం కూడా మానేసి బాగుచేసింది.

సాయంత్రం ఫైలు మూసేసి, మెయిన్ షాపులో కంప్యూటర్లు చూసుకునే బాబాయికి ఫోన్ చేసింది.

"బాబాయ్, పాత ఫొటోలన్నీ ఎక్కడ సర్దారు?"

"మేమేం సర్దలేదమ్మా. నీకు కనెక్షన్ పోయుంటుంది. ఉండు, కలుపుతా."

కలిపాడు. పాతవన్నీ వచ్చాయి. తాత వాళ్ళమ్మ మాత్రం లేదు.

పైనుంచి కిందికి, కిందినుంచి పైకి వెతికాం. లేదు. సరిగ్గా అప్పుడే తాత తలుపు తోసుకుని వచ్చాడు.

"అయిందా తల్లీ?"

"కూర్చో తాతా, వస్తోంది" అన్నాను. ఎక్కణ్ణుంచి వస్తుందో నాకే తెలీదు.

ఫోన్లో బాబాయి గొంతు మారింది. "ఫోల్డరు ఖాళీగా ఉన్నప్పుడు సేవ్ చేశావా?"

"ఆఁ."

"అయితే కనెక్షన్ తెంచేస్తున్నా."

"మతి పోయిందా బాబాయ్? ఉన్నవి కూడా పోతాయి."

"పోనీ. నువ్వు చూస్తూ ఉండు."

తెంచాడు. పాతవన్నీ మాయమయ్యాయి. వాటి చోట ఒక్క ఫొటో నిలిచింది. తాత వాళ్ళమ్మ. వదిన వెంటనే ప్రింటు తీసింది.

కనెక్షన్ లేనప్పుడు దాచింది మా కంప్యూటర్‌లోనే పడిందట. కలపగానే మెయిన్ షాపు ఫోల్డరు దాని మీద దుప్పటిలా కప్పేసిందట. కింద ఉన్నది ఉన్నట్టే ఉందట.

తాత ప్రింటు చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాడు. "ఎడమ కన్ను కాస్త చిన్నదిగా ఉండేది. దాన్నలాగే ఉంచావే" అన్నాడు.

"మేమూ ఒకటి ఉంచుకోవచ్చా తాతా?" అంది వదిన.

"మీకెందుకమ్మా?"

"కాపలాకి, అత్తగారిలా."

ఇప్పుడు మెయిన్ షాపు ఫోల్డరులో అన్నిటికన్నా పైన ఉండేది ఆవిడే. పొద్దున తెరవగానే ఆవిడ కనిపించకపోతే కనెక్షన్ లేనట్టే; వదిన మౌస్ ముట్టదు.

"అత్తగారు రాలేదు, బాబాయికి ఫోన్ చెయ్" అంటుంది నాతో.