అత్తమ్మ దిక్కు బటన్

మొన్న ఐతారం మా అత్తమ్మ ముంగట నా ఇజ్జత్ మొత్తం పోవాల్సింది. పోలే, ఉల్టా పెరిగింది. ఎట్లనో చెప్త, చాయ్ తాగుకుంట వినుండ్రి.

నా పికప్ సంగతి మీకెర్కే. బట్ట నేసే సాంచెల కార్ఖానల నుంచి మార్కెట్‌కు బట్ట మోసీ మోసీ ముసలిదైంది. అద్దం దించాలంటే హ్యాండిల్ తిప్పి తిప్పి భుజం గుంజుతది. గందుకే పవర్ విండోల కిట్, రిమోట్ లాక్ కిట్ తెచ్చి నేనే బిగించిన. పన్నెండేండ్లు సాంచెలు రిపేర్ చేసినోన్ని, రెండు తలుపులు నాకొక లెక్కనా అనుకున్న.

రెండు రోజులు పట్టింది. తలుపుల అట్టలు విప్పిన, మోటార్లు పెట్టిన, వైర్లు గుంజిన. నా దిక్కు రెండు బటన్లు, పక్క సీటు దిక్కు ఒక్కటి. నా దిక్కువి రెండూ నొక్కి చూసిన, అద్దాలు సాఫ్‌గ దిగినయి, ఎక్కినయి. పక్క సీటు బటన్ చూడనే లే. ఇగ రిమోట్ ఉన్నది గదా అని, తలుపుల మీద లాక్ తీసే పాత గుబ్బలు గూడ పీకి పారేసిన.

ఐతారం మా బామ్మర్ది నిశ్చితార్థం. పిల్లోళ్లది బార్డోలీ. మా ఆమె, బామ్మర్ది ముందే బస్సుల పోయిన్రు. ఉంగరం, పట్టుచీర పట్టుకొని అత్తమ్మ నాతోటి బండ్లె బయలెల్లింది. బటన్ నొక్కి ఆమె దిక్కు అద్దం దించి చూపిచ్చిన.

"మంచిగున్నది బిడ్డా," అన్నది. గంతే, నేను గాల్లె తేలిన.

పర్వత్ పాటియా దాటినంక వాన దంచింది. వెనుక సామాన్ల మీద కప్పిన తాడ్‌పత్రి లేసి కొట్టుకుంటున్నది. చాయ్ బండి కాడ ఆపి, అద్దాలు ఎక్కిచ్చి, ఇంజన్ బంద్ చెయ్యకుండనే దిగి తలుపేసిన. టక్కుమన్నది. రెండు తలుపులూ వాటంతట అవే లాకైనయి. తాళంచెవి, రిమోట్, అత్తమ్మ, ఉంగరం అన్నీ లోపలనే.

అత్తమ్మ లోపల హ్యాండిల్ గుంజింది. రాలే. గుబ్బ పైకి లాగుదామంటే గుబ్బేది?

"అత్తమ్మా, తాళంచెవికి వేలాడుతున్నది చూడు, రిమోట్. అది నొక్కు."

"నేను ముట్ట. ముడితే బండి ఉరుకుతది," అన్నది లోపల్నించి.

ఆమె దిక్కు అద్దం కాడ నిలబడి ఎంత చెప్పినా వినలే. ఫోన్ల మా ఆమె, "ముహూర్తం దగ్గర పడుతున్నది, ఎక్కడున్నరు?" అంటున్నది. చాయ్ బండాయన గొడుగు పట్టుకొని వచ్చి, "కాచ్ తోడ్ దో భాయ్," అని, అద్దం పలగ్గొట్టుమని చేతిల రాయి పెట్టిండు. ఆ రాయి చూసి అత్తమ్మ ఉంగరం డబ్బా గుండెకు అదుముకున్నది.

"ఆగు అత్తమ్మా, నీ తలుపు మీద బటన్ ఉన్నది. అదన్న నొక్కు," అన్న. నొక్కింది. ఆమె అద్దం కదలలే. మళ్ల నొక్కింది, ఊహూ. ఇగ రాయెత్తిన.

"భాయ్, ఉధర్ దేఖో," అన్నడు చాయ్ బండాయన, అటు దిక్కు చూపిచ్చుకుంట.

ఉరికి పోయి చూస్తే నా దిక్కు అద్దం మొత్తం దిగి ఉన్నది. వాన సీటు మీద పడుతున్నది. వైర్లు తారుమారు చేసిన అన్నట్టు. చెయ్యి పెట్టి రిమోట్ నొక్కిన. తలుపులు తెరుచుకున్నయి.

"నా బటన్‌కు నీ అద్దమెట్ల దిగింది?" అని అడిగింది అత్తమ్మ.

నోట్లెకెళ్లి అబద్ధం దానంతటదే వచ్చింది. "నేను బయట ఇరుక్కుంటే నువ్వు తీస్తవని, కావాల్ననే గట్ల పెట్టిన."

తడిసిన సీటు మీద కూసొనే బార్డోలీకి టైముకు చేరినం. ఉంగరాలు మార్చుకున్నరు. అన్నాలు తినేటప్పుడు అత్తమ్మ అందరినీ బండి కాడికి తోల్కపోయి, తన బటన్ నొక్కి నా అద్దం దించి చూపిచ్చింది. "మా అల్లుని తెలివి," అన్నది. పెండ్లై తొమ్మిదేండ్లు, ఆ మాట వినుడు గదే ఫస్ట్.

పిల్ల మేనమామకు గూడ పాత పికప్ ఉన్నదట. "నా బండికి గూడ గిట్లనే పెట్టాలె అల్లుడా," అన్నడు. అందరి ముంగట దర్జాగ ఒప్పుకున్న. రేపు బండి తెస్తుండు. నిన్నటి సంది తలుపు విప్పి చూస్తనే ఉన్న. సక్కగ పెట్టుడైతే వస్తది గని, ఏం తప్పు చేస్తే గట్లయిందో ఎంతకూ సమజైతలేదు.