అప్పయమ్మ పేరు పెట్టాలనుకున్న మందు

మోకాళ్ళు పట్టేసి మంచానికే అతుక్కుపోయిన అప్పయమ్మ మళ్ళీ నడిచింది. గోల్ బజార్‌లో ఒక వైద్యుడిచ్చిన మొక్కల వేళ్ళ పొడి మహిమ అని బిలాస్‌పూర్ రైల్వే క్వార్టర్లన్నీ నమ్మాయి.

కూతురు సౌభాగ్య కూడా నమ్మింది. రసాయనశాస్త్రంలో పరిశోధన చేస్తున్న పిల్ల. ఆ పొడి నానబెట్టి, వడగట్టి, తెల్లటి స్ఫటికాలు తీసింది. లోకానికి తెలియని మందైతే తల్లి పేరే పెడతానంది.

స్ఫటికాలు దూరపు నగరంలోని ఎన్‌ఎమ్‌ఆర్ యంత్రానికి వెళ్ళాయి. బలమైన అయస్కాంతం మధ్య ఉంచితే, అణువులో ప్రతి హైడ్రోజనూ తన చోటేదో, తన పక్కన ఏముందో గీతల్లో చెబుతుంది. తొంభై ఒకటి ఎండాకాలంలో ఆ గీతలు తిరిగొచ్చాయి. సౌభాగ్య వాటిని పుస్తకంలో ఉన్న తెలిసిన మందుల గీతల పక్కన పెట్టి చూసింది. తేడా లేదు. స్టెరాయిడ్. డాక్టరు చీటీ మీద మందుల షాపులో అమ్మేదే. వేళ్ళపొడిలో ఎవడో కలిపాడు.

ఆమె పరిశోధనకు గైడ్ చంద్రమౌళి ఆ గీతల కాగితం మడిచి ఇచ్చేశాడు.

"తెలిసిన అణువే కదమ్మా. వదిలెయ్. వేరే మొక్క చూద్దాం."

"జనం తింటున్నారు సార్."

"అది పోలీసుల పని. మనది కొత్త మందులు వెతకడం."

కొత్తది కాకపోతే, దాన్ని తినేవాళ్ళు మనుషులు కారా? ఆ కాగితం పట్టుకునే సౌభాగ్య ఇంటికొచ్చింది.

ఇంటి ముందు పక్కింటి కనకం అప్పయమ్మ గడ్డం పట్టుకుని మురిసిపోతోంది. "మొహం సూడు, పున్నమి సెందురుడే!"

నిన్నటిదాకా సౌభాగ్య కూడా ఆ నిండుతనాన్ని ఆరోగ్యమే అనుకుంది. అది ఆ మందు తెచ్చిన వాపు.

"ఏటే, నా పేరెట్టీసేరా?"

"దానికెప్పుడో పేరుందమ్మా. అది వేరు కాదు, స్టెరాయిడ్. ఇలాగే తింటే ఎముకలు గుల్లయిపోతాయి."

"అచ్ఛా! నాను మంచాన పడున్నప్పుడు నీ సైన్సు ఏటి సేసింది?"



మర్నాడు సౌభాగ్య తల్లిని ఆసుపత్రికి తీసుకెళ్తే డాక్టరు, ఒక్కసారిగా ఆపితే ప్రాణం మీదికొస్తుందన్నాడు. అదే మందు బిళ్ళల్లో ఇచ్చి, మెల్లగా తగ్గించాలి. నొప్పులు తిరిగి రావచ్చు.

ఇంటికొచ్చాక సౌభాగ్య తల్లి అరచేతిలో బిళ్ళ పెట్టింది. విషమని తేల్చింది తనే, చేత్తో ఇస్తున్నదీ తనే.

అప్పయమ్మ బిళ్ళను తిప్పి చూసింది. "ఆడి పొడిలో ఉన్నది ఇదేనా?"

"ఇదే."

"మరి ఏరని ఎందుకు సెప్పేడు? నన్ను అమ్మా అని పిలిసేడు గదే!"

బిళ్ళ మింగింది. మిగిలిన పొడి పొట్లాన్ని కొంగున ముడేసుకుని, చెప్పులు తొడుక్కుంది.

"ఎక్కడికమ్మా?"

"ఆడి కొట్టుకి. ఈ మోకాళ్ళు మళ్ళీ పట్టీసేలోగా ఎల్లాల. నువ్వా గీతల కాయితం తే."