రెండూళ్ల నడుమ ఒక పార్కు

కోవిడ్ తగ్గిన మరుసటి ఏడాది వేసవిలో, నా రిటైర్మెంటుకు ఇంకా కొద్ది నెలలే ఉన్నాయనగా, మా బెంగళూరు కంపెనీ నన్ను హిందూపురం పంపింది. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం పట్టణాల్లో పార్కులు ఎక్కడున్నాయి, ఎట్లా పోవాలి, లోపల ఏమున్నాయి అని ఫోనులో చూపించే యాప్ ఒకటి ప్రభుత్వం కోసం తయారు చేయాలి. నా హోదా డిజైన్ లీడ్. అంటే కోడ్ రాసేవాణ్ని కాదు, బొమ్మలు గీసేవాణ్నీ కాదు. ఏ తెర మీద ఏ బటన్ ఉండాలి, జనం దేన్ని ముందు నొక్కుతారు అని తేల్చి, తేల్చినందుకు రెండు వైపులా తిట్లు తినేవాణ్ని.

నన్నే ఎందుకు ఎంచారంటే నాది కదిరి. "మీ పక్క ఊళ్లే కదా సార్, బేరాలు కూడా మీకొచ్చు" అన్నాడు మేనేజరు. బేరాల మాట నిజమే. మా నాయనది గుడ్డల అంగడి. మాకు అటుపక్క బెల్లం అంగడి, ఇటుపక్క గాజుల అంగడి. పలక కంటే ముందు నా చేతికి గజంబద్ద వచ్చింది. జీవితమంతా కంప్యూటర్ల ముందు కూర్చున్నా, ఆటోవాడు ఎంత చెప్పినా "వద్దులే" అని నాలుగడుగులు నడిచే అలవాటు పోలేదు. వాడు వెనక్కి పిలవకపోతే నేనే తిరిగొచ్చి ఎక్కుతాను. అది వేరే సంగతి.

ఇట్లాంటి యాప్‌కు మొదట ఫీల్డ్ సర్వే చేస్తాం. మనుషులు పార్కు పార్కుకూ నడిచి గేటు ఎటుంది, నీళ్లు, నీడ, మరుగుదొడ్డి ఉన్నాయా, ఏ వేళ తెరుస్తారు అని నమోదు చేసుకొస్తారు. ఆ తర్వాత ట్రయల్. యాప్ పూర్తికాకముందే, ఇష్టపడి ఒప్పుకున్న కొందరి ఫోన్లలో వేసి ఎట్లా వాడుతున్నారో చూస్తాం. పేర్లు మాకు తెలియవు. ఫలానా పార్కులో ఫలానా వేళ ఒక ఫోను ఉంది అన్నంతవరకే తెలుస్తుంది. ఆ చుక్కలన్నీ పటం మీద పరిస్తే దాన్ని హీట్ మ్యాప్ అంటాం.

మూడు ఊళ్లలోనూ పార్కుల వేళలు ఒకటే. పొద్దున పది దాకా, మళ్లీ సాయంత్రం నాలుగు తర్వాత. నడుమ మూత. ఊడ్చడానికి, చెట్లకు నీళ్లు పట్టడానికి, పేకాటవాళ్లు చేరకుండా ఉండటానికి అని చెప్పేవారు.

మొదటి హీట్ మ్యాప్‌లోనే ఒక వింత కనబడింది. పెనుకొండలో కొండ కింద ఉన్న పార్కులో, ఆదివారం మిట్టమధ్యాహ్నం, గేటు మూసి ఉండాల్సిన వేళ రెండు చుక్కలు. మరుసటి ఆదివారమూ అవే రెండు.

"జీపీఎస్ తప్పు సార్, పక్కన కొండ ఉంది కదా. తుడిచేద్దామా?" అంది మా జూనియర్ డిజైనర్.

తప్పైతే ఒక వారం ఇక్కడ, ఒక వారం అక్కడ పడాలి. వారం వారం ఒకే బెంచీ మీద పడే తప్పు నేను చూడలేదు. ఆ ఆదివారం పెనుకొండ పోయాను.

పెద్ద గేటుకు తాళం ఉంది. వాచ్‌మన్ ఓబులేసు నీడలో స్టూలు వేసుకుని కూర్చున్నాడు.

"ఏమప్పా, లోపల ఎవరో ఉండారే?"

"ఎవురూ లేరు సార్. మూసినాం కదా."

"ఆ ఎవురూ లేనోళ్లు టిఫిన్ క్యారియర్ ఇప్పతాండారు సూడు."

ఓబులేసు తల తిప్పనైనా తిప్పలేదు. "వాళ్లా! వాళ్లు మొగుడూ పెండ్లాలు సార్" అన్నాడు, అదే ప్రవేశ టికెట్టన్నట్టు. "అందుర్నీ ఇడ్సను. ఆ చిన్న గేటు ఒగటి ఊరికే చేరేసింటా, అంతే. మీరు యాడా రాయగాకండి సార్, నా ఉద్యోగం పోతాది."

రాయనని చెప్పి లోపలికి పోయాను. అతని పేరు రామాంజి, ధర్మవరంలో పట్టుచీరలు నేస్తాడు. ఆమె వరలక్ష్మి, హిందూపురం పక్కన గార్మెంట్ ఫ్యాక్టరీలో కుట్టుపని చేస్తూ ఆడవాళ్ల హాస్టల్లో ఉంటుంది. పెళ్లయి ఏడాది కాలేదు. హాస్టల్‌కు మగవాళ్లు రాకూడదు. ధర్మవరం ఇంట్లో ఉన్నది ఒకటే గది. అందులో సగం మగ్గం, మిగిలిన సగంలో అమ్మానాయనలు, అన్నావదినెలు, వాళ్ల పిల్లలు.

"ఇంట్లో ఈమెతో ఒగ మాట మాట్లాడల్లంటే మగ్గం సప్పుడు ఆపల్ల సార్" అన్నాడు రామాంజి. "సప్పుడు ఆగితే మా నాయన 'ఏమైందిరా?' అని కేకేస్తాడు."

అందుకని ఆదివారం ఆమె అటునుంచి, అతను ఇటునుంచి బయలుదేరి నడుమ ఊళ్లో దిగుతారు. పొద్దుటి పనులు తెముల్చుకుని వచ్చేసరికి మధ్యాహ్నం. చీకటి పడకముందే ఆమె హాస్టల్లో ఉండాలి కాబట్టి నాలుగింటికంతా లేవాలి. సరిగ్గా పార్కు మూసి ఉండే వేళే వాళ్ల వారం.

వరలక్ష్మి క్యారియర్ మూతలో బొరుగుల ఉగ్గాని పెట్టి ఇస్తూ, మొహమాటం లేకుండా చెప్పింది. "మీ యాప్ మాకు పనికి రాలేదు సార్. నేనాడ నొక్కితే హిందూపురం పార్కు చూపిస్తాది, ఈయప్ప నొక్కితే ధర్మవరంది. దగ్గరుండేది మాకెందుకు? ఇద్దురికీ సమానంగా ఉండేది కావల్ల."

ఉగ్గాని బాగుంది. కానీ తిరుగుదారిలో ఒక సంగతి తట్టింది. యాప్ విడుదలయ్యాక ఏ పార్కులో ఏ వేళ ఎంతమంది ఉన్నారో ప్రతి సోమవారం దానంతట అదే ప్రాజెక్టు ఆఫీసుకు రిపోర్టు పోతుంది. ఈ వారం చుక్కలు తుడిచినా వచ్చే వారం మళ్లీ పడతాయి. ఎవరో ఒకరు చూస్తారు. ఓబులేసుకు మెమో, చిన్న గేటుకు తాళం. ఆ ఇద్దరికి ఉన్న ఒక్క చోటు పోకుండా ఉండాలంటే మార్చాల్సింది పటాన్ని కాదు, గేటు వేళల్ని.

రివ్యూ మీటింగుకు కూర్చునేది ప్రాజెక్టు అధికారి, మేము మేడం అనేవాళ్లం. కాయితాలు చదవకుండా సంతకం చేయని మనిషి. మా నాయన ఒక మాట చెప్పేవాడు. అంగడికొచ్చే గట్టి గిరాకీ తనకు కావల్సిన చీరను ముందు చేత్తో తాకదు, పది వేరే చీరలు విప్పించి, పోతూ పోతూ "ఇదెంత?" అంటుంది అని. నేనూ అదే చేయబోయాను.

"మూడు ఊళ్లలో అన్ని పార్కులూ తెల్లవారినప్పటి నుంచి రాత్రి పది దాకా తెరిచి ఉంచాలి మేడం."

"మనుషుల్ని మీ కంపెనీ పంపిస్తుందా?"

"పోనీ, పగలంతా అయినా."

"కుదరదు."

"ఊరికొక పార్కు?"

"శెట్టిగారూ, ఇది సంత కాదు." ఆమె పెన్నుకు మూత పెట్టారు. మూత పెట్టారంటే అంగడి కట్టేస్తున్నట్టే. "కనీసం ఒక్క పెనుకొండ, అదీ ఆదివారాలు మాత్రమే" అన్నాను గబగబా.

ఆమె ముందున్న హీట్ మ్యాప్‌ను నా వైపు తిప్పి వేలు పెట్టారు. "ఈ రెండు చుక్కల కోసమేనా ఇంత బేరం?"

ఇక దాచడానికి ఏమీ లేదు. ఊళ్లూ పేర్లూ లేకుండా భార్యాభర్తల సంగతి చెప్పాను. ఆమె పటాన్ని మళ్లీ తన వైపు తిప్పుకున్నారు.

"గేటు తీస్తున్నది ఎవరు?"

"పేరు గుర్తు లేదు మేడం."

"గుర్తు తెచ్చుకోకండి" అన్నారు. తర్వాత తన షరతులు చెప్పారు. పెనుకొండ పార్కు ఆదివారాలు పగలంతా తెరిచి ఉంచుతారు, దసరా దాకా ట్రయల్. ఈ లోపల వేరే జనం రాకపోతే పాత వేళలే. ఇద్దరి కోసం ప్రభుత్వం గేటు తెరవలేదు. ఇంకొకటి, ట్రయల్ అడిగింది మేమే కాబట్టి ప్రతి ఆదివారం మా వైపు నుంచి బాధ్యత గల మనిషి అక్కడ ఉండాలి.

లేచేటప్పుడు అన్నారు. "మొదటే పెనుకొండ అని అడిగి ఉంటే ఊరికే ఇచ్చేదాన్ని. అన్ని గేట్లు అడిగేసరికి భయమేసి షరతు పెట్టాను." అట్లా నా బేరానికి నా ఆదివారాలన్నీ పోయాయి.

ఇంట్లో ఈ సంగతి చెబితే మా ఇంటామె శారద నవ్వి నవ్వి కూర్చుండిపోయింది. "పెండ్లయిన కాన్నుంచి నన్ను ఒగ పార్కుకు తోడుకోని పోయినావా? ఆఫీసరు ఆర్డరేస్తే గానీ నీకు పార్కు తెలియలే! పద, నేనూ వస్తా."

మొదటి ఆదివారం నేను బాధ్యత గల మనిషినని, రామాంజి, వరలక్ష్మిల బెంచీకి ఎదురు బెంచీలో కూర్చున్నాను. పెళ్లాం మొగుడు ఇద్దరూ బళ్లో పిల్లల్లాగా చేతులు కట్టుకున్నారు. శారద నా మోచెయ్యి గిల్లింది. "లెయ్యి. ఎదురుగా కూసుంటే వాళ్లెట్ల మాట్లాడుకుంటారు?" నన్ను నీళ్ల ట్యాంకు వెనక్కి లాక్కుపోయింది. అక్కడ వాళ్లు మాకు కనిపించలేదు గాని, కాసేపటికి వరలక్ష్మి నవ్వు వినిపించింది. శారద వేరుశనక్కాయలు వలిచి నా చేతిలో పెడుతూ, "మనం ఇద్దురమూ ఫోన్లు తెచ్చినాం కదా, చుక్కలు నాలుగైతాయి. లెక్కలో ఏసుకో" అంది.

ఆశ కలిగిన మాట నిజం. కానీ తన సరుకు తానే కొని గిరాకీ ఉందనే అంగడి ఎన్నాళ్లు నిలుస్తుంది? మా ఇద్దరి ఫోన్లను లెక్కలోంచి తీసేయించాను.

జనం రావాలంటే వరలక్ష్మి అడిగిందే దారి. "దగ్గరి పార్కు" బటన్ కింద ఇంకొకటి పెట్టించాను. అందులో రెండు ఊళ్ల పేర్లు కొడితే రెండింటికీ నడుమ ఉన్న పార్కును, చేరే దారిని ఇద్దరికీ చూపుతుంది. ఎవరు నొక్కుతారు సార్ ఇది అన్నారు మా ఆఫీసు పిల్లలు. నాకూ నమ్మకం లేదు. లేనప్పుడే గొంతు పెంచి మాట్లాడాలని అంగట్లో నేర్చుకున్నాను, అట్లే మాట్లాడి ఒప్పించాను.

యాప్ విడుదలయ్యాక కూడా కొన్ని వారాలు మేం నలుగురమే. తర్వాత ఒక ఆదివారం, హిందూపురంలో చదివే కూతుర్ని కలవడానికి, ఆ బటన్ నొక్కి చూసుకుని, ధర్మవరం నుంచి ఒక తల్లి వచ్చింది. దోసెలు తెచ్చింది. ఆ పై వారం చెరొక ఊరికి కోడళ్లుగా పోయిన అక్కచెల్లెళ్లు పిల్లలతో దిగారు. ఓబులేసు పెద్ద గేటు రెండు రెక్కలూ బార్లా తెరిచి, "రాండమ్మా, రాండి" అని తన పెళ్లికి పిలిచినట్టు పిలిచేవాడు. దసరా ముందు మేడం రిపోర్టు చదివి, ఆదివారం వేళల్ని శాశ్వతం చేస్తూ సంతకం పెట్టారు. షరతులేమీ లేవు.

ఆ సంగతి చెప్పడానికి పోతే రామాంజి, వరలక్ష్మి గోడ వారన కానుగ చెట్టు కింద టవల్ పరుచుకుని కూర్చున్నారు. వాళ్ల బెంచీ మీద ఎవరిదో సంసారం దోసెలు తింటోంది.

"సూడండి సార్, మీ బటన్‌తో మా బెంచీ పాయె" అంది వరలక్ష్మి.

"నువ్వు అడిగిందే కదమ్మా!"

"అడిగితే ఇచ్చేస్తారా?" అంది, రామాంజి కోసం టవల్ మీద ఇంకొంచెం జరుగుతూ.

తర్వాత కొద్దిరోజులకే నేను రిటైరయ్యాను. ఆ పనిలో నేను నేర్చుకున్నవి రెండు. పటంలో తప్పుగా కనిపించే చుక్కను తుడిచే ముందు ఆ చోటికి పోయి చూడాలి. ఏది దగ్గర అని లెక్క వేసే ముందు, వచ్చేది ఎంతమంది, ఎక్కడెక్కడి నుంచి అని అడగాలి.